చెన్నైలో జూనియర్ వకీలుకు నెలకు 20 వేలు: ఉత్తర్వు సరే, ఇచ్చేది ఎవరు?

సూళ్లూరుపేట లోకల్
ఆదివారం, రాత్రి 9.20

చెన్నై కోర్టుల్లో పనిచేసే తెలుగువాళ్లు ఇక్కడ బాగానే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. మా ఇంట్లో నాకు ముందు నల్లకోటు వేసుకున్నవాళ్లు ఎవరూ లేరు. నెల్లూరులో లా చదివి, తమిళనాడు బార్ కౌన్సిల్‌లో వకీలుగా పేరు నమోదు చేయించుకుని, తంబుచెట్టి వీధిలో ఒక సీనియర్ దగ్గర చేరాను. అంతా సివిల్ పని. ఆస్తి దావాలు, అద్దె తగాదాలు, అప్పీళ్లు. సీనియర్ మంచివారే. తప్పు రాస్తే కొట్టేసి, ఎందుకు కొట్టేశారో పక్కన రాస్తారు. డబ్బు మాట మాత్రం రాదు. ఒక నెల 5 వేలు, ఒక నెల 3 వేలు, ఒక నెల "వచ్చే వారం చూద్దాం".

2024 జూన్‌లో మద్రాసు హైకోర్టు జూనియర్లకు కనీస స్టైపెండ్ ఇప్పించమని బార్ కౌన్సిల్‌ను ఆదేశించింది. చెన్నై, మదురై, కోయంబత్తూరుల్లో నెలకు 20 వేలు, మిగతా జిల్లాల్లో 15 వేలు. అదే ఏడాది అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కూడా పట్టణాల్లో 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు అంటూ సర్క్యులర్ పంపింది. రెండూ చదివాను. మా వీధిలో ఎవరి చేతిలోనూ ఆ డబ్బు చూడలేదు. మీలో ఎవరికైనా అందుతోందా? అడిగితే ఏమవుతుంది?

పాత కట్ట
ఆదివారం, రాత్రి 10.05

తమ్ముడూ, అడగడం తప్పు కాదు. అయితే ఎదుటి కుర్చీలో కూర్చున్నవాడి లెక్క కూడా విను.

నాది లింగిచెట్టి వీధిలో రెండు గదుల ఆఫీసు. ఇద్దరు జూనియర్లు, ఒక గుమాస్తా, మధ్యాహ్నం వచ్చే టైపిస్టు. అద్దె, కరెంటు, తీర్పుల వెబ్‌సైటు చందా. అడిగిన ఫీజు ఒక్కసారిగా లెక్కపెట్టి ఇచ్చే కక్షిదారులు పెద్ద ఆఫీసులకు వెళ్తారు. నా దగ్గరకు వచ్చేవాళ్లు దావా వేసేటప్పుడు కొంత, స్టే వస్తే కొంత, గెలిస్తే మిగతాది అంటారు. గెలిచాక ఫోను ఎత్తరు. ఓడితే అసలే ఎత్తరు. ఫీజు బాకీ ఉందని కేసు కట్ట ఇవ్వకుండా పట్టుకు కూర్చునే వీలు కూడా లేదు. ఆ హక్కు వకీలుకు లేదని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చి చెప్పింది.

ఇద్దరికి 20 వేల చొప్పున నెలకు 40 వేలు. అంత నిలకడగా నాకే రాని నెలలు ఉన్నాయి. ఈ ఉత్తర్వును నిజంగా అమలు చేస్తే నేను చేయగలిగింది ఒక్కటే, ఇద్దరిలో ఒకరిని పంపించేయడం. ఆ ఒక్కరు ఎవరో ఊహించు. ఇంటి బలం లేనివాడు, ఇంగ్లీషులో తడబడేవాడు, కక్షిదారులను వెంట తీసుకురాలేనివాడు. అంటే నీలాంటి మొదటి తరం వాడు.

ఎగ్మూరు జూనియర్
ఆదివారం, రాత్రి 11.30

పాత కట్ట గారూ, మీ లెక్క నిజమే అనుకుందాం. అది చిన్న ఆఫీసు లెక్క. ఒక్క వాయిదాకు లక్షలు తీసుకునే ఆఫీసుల్లో కూడా జూనియర్‌కు అదే 5 వేలు, అదే "నేర్చుకుంటున్నావు కదా అమ్మా". అక్కడ లేనిది డబ్బు కాదు. చిన్న ఆఫీసు కష్టాన్ని పెద్ద ఆఫీసు కవచంగా వాడుకుంటోంది, మీరేమో వాళ్ల తరఫున ఫీజు లేకుండా వాదిస్తున్నారు.

ఇక సర్క్యులర్ సంగతి. దాన్ని జాగ్రత్తగా చదవండి. అది సిఫారసు. జూనియర్‌గా తీసుకుంటున్నామని లేఖ ఇవ్వాలి, స్టైపెండ్ ఎంతో అందులో రాయాలి, అందకపోతే జూనియర్ రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు అని ఉంది. సీనియర్‌కు నిజంగా ఆర్థిక ఇబ్బంది ఉంటే సడలింపు చూపుతామనీ ఉంది. అంటే మొత్తం భారం ఫిర్యాదు చేసేవాడి మీద పెట్టారు. ఫిర్యాదు చేసేది ఎవరు? రేపు పొద్దున అదే సీనియర్ వెనక కట్టలు మోసుకుని కోర్టు హాల్లో నిలబడవలసిన జూనియర్. చెన్నై బార్‌లో ఏ కబురైనా మధ్యాహ్న భోజనం లోపు ఎగ్మూరు నుంచి సైదాపేట చేరుతుంది. ఒక సీనియర్ మీద కాగితం పెట్టిన జూనియర్‌ను ఇంకో ఛాంబర్ గడప ఎక్కనివ్వదు.

మరో సంగతి. హైకోర్టు ఆ ఉత్తర్వులో ఆడ, మగ తేడా లేకుండా ఇవ్వాలని కూడా చెప్పింది. ఊరికే చెప్పలేదు. నేను మొదట చేరిన ఛాంబర్‌లో నాతోపాటు చేరిన అబ్బాయికి నాకంటే ఎక్కువ ఇచ్చేవారు. ఎందుకని అడిగితే, "అతను ఇంటి బాధ్యతలు ఉన్నవాడు, నీకు నాన్న ఉన్నారు కదా" అన్నారు. మా నాన్న ఆవడిలో లేత్ మిషను మీద పనిచేస్తారు. ఆ సంగతి ఆయన అడగలేదు.

జార్జ్‌టౌన్ గుమాస్తా
సోమవారం, ఉదయం 7.10

నమస్కారం సార్లకు, మేడములకు. నేను వకీలును కాదు, వకీలు గుమాస్తాను. నాన్నగారు కూడా ఇదే వీధిలో గుమాస్తా. మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు.

మా సార్ నాకు ఒకటో తారీఖున జీతం ఇస్తారు. ఆలస్యమైతే నేనే గుర్తు చేస్తాను, ఆయనకూ కోపం రాదు. అదే గదిలో కూర్చునే జూనియర్ బాబు మాత్రం నెలాఖరున ఆయన ముఖంలోకి చూడలేక నన్ను అడుగుతాడు, "సార్ మూడ్ ఎలా ఉంది" అని. ఐదేళ్లు లా చదివినవాడు గుమాస్తాను సిఫారసు అడగడం చూస్తే నాకే సిగ్గుగా ఉంటుంది. కారణం నాకు తెలిసింది చెబుతాను. నేను రాకపోతే ఆ రోజు కేసుకు నంబరు పడదు, వెనక్కు వచ్చిన కాగితాలు సరిచేసి మళ్ళీ వేసే దిక్కు ఉండదు. నేను లేని రోజు నష్టం ఎంతో సార్‌కు తెలుసు. జూనియర్ లేని రోజు ఇంకో జూనియర్ ఉంటాడు. లా కాలేజీలు ఏటా పంపిస్తూనే ఉన్నాయి కదా.

కంపెనీ కాగితాలు
సోమవారం, ఉదయం 9.00

నేను అదే వీధిలో మూడేళ్లు గడిపి, ఇప్పుడు గిండీలో ఒక కంపెనీ న్యాయ విభాగంలో ఉన్నాను. నెల తిరిగేసరికి జీతం పడుతుంది. పెళ్లి సంబంధం వాళ్లు "ఏం చేస్తాడు" అని అడిగితే ఇంట్లో ధైర్యంగా చెబుతున్నారు.

అయితే దీనికీ ఖరీదు ఉంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 49వది, పూర్తికాలం జీతానికి పనిచేసేవాడు ప్రాక్టీసు చేయరాదంటుంది. సనదు, అంటే ప్రాక్టీసు చేసే అనుమతి, ఆపి పెట్టుకున్నాను. 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు దర్యాప్తు సంస్థలు వకీళ్లకు సమన్లు పంపే విషయంలో ఇచ్చిన తీర్పులో మా సంగతీ వచ్చింది. కక్షిదారుతో జరిగిన సంభాషణ బయటపెట్టనక్కరలేదనే రక్షణ ప్రాక్టీసు చేసే న్యాయవాదులకే, కంపెనీ ఉద్యోగంలో ఉన్న మాకు వర్తించదని అన్నారు. అంటే చదువు అదే, సలహా అదే, హోదా మాత్రం వేరు. ఈ మాట ముందే తెలుసుకుని రండి. వచ్చాక తిరిగి కోర్టుకు వెళ్లాలంటే కాళ్లు కదలవు. ఇంటి వాయిదాలు మొదలవుతాయి, కోర్టు వాయిదాలు మరచిపోతాం.

నెల్లూరు నాన్న
సోమవారం, మధ్యాహ్నం 1.15

మా అబ్బాయి లా నాలుగో ఏడు. చెన్నై హైకోర్టు అనే పట్టుదల మీద ఉన్నాడు. ఈ చర్చ చదివి నిద్ర పట్టేలా లేదు. అసలు పేరు నమోదుకే వేలు కట్టాలని విన్నాను, అది నిజమేనా? ఆంధ్రాలో జూనియర్లకు ప్రభుత్వం డబ్బు ఇచ్చే పథకం ఉండేది కదా, చెన్నైలో ఉన్నవాళ్లకు వస్తుందా?

ఎగ్మూరు జూనియర్
సోమవారం, మధ్యాహ్నం 2.40

బాబాయిగారూ, నమోదు రుసుము విషయంలో నిశ్చింతగా ఉండండి. 2024 జూలై 30న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అడ్వకేట్స్ చట్టంలో రాసిందే తీసుకోవాలి, సాధారణ వర్గానికి 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125. అంతకుముందు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో పేరుతో వేలు గుంజేవారు. ఒడిశాలో 40 వేలు దాటింది. తీర్పు ఆ తరువాతి నమోదులకే వర్తిస్తుంది కాబట్టి మాబోటివాళ్లం కట్టింది తిరిగి రాలేదు. దీనికి తోడు అఖిల భారత బార్ పరీక్ష ఉంటుంది, దాని రుసుము వేరు.

ఆంధ్రప్రదేశ్‌లో మీరన్న పథకం 2019 డిసెంబరులో మొదలైన లా నేస్తం. కొత్త వకీళ్లకు మొదటి మూడేళ్లు నెలకు 5 వేలు ఇచ్చేవారు. అది అక్కడ ప్రాక్టీసు చేసేవాళ్ల కోసం పెట్టినది, చెన్నైలో ఉండి అడగడం కుదరదు. ఇటు తమిళనాడులో వకాలత్ (కక్షిదారు వకీలును పెట్టుకుంటూ ఇచ్చే కాగితం) మీద అతికించే సంక్షేమ నిధి స్టాంపులు ఏళ్ల తరబడి అమ్ముతున్నారు. నిధి చట్టం 1987 నాటిది. వకీలు చనిపోతే కుటుంబానికి ఇస్తారు, మంచిదే. బతికుండగా మొదటి మూడేళ్లు గట్టెక్కించడానికి అలాంటి నిధి ఒకటి ఎందుకు ఉండకూడదు? సీనియర్ జేబు చూసి జూనియర్ అన్నం తినే పద్ధతి పోవాలంటే డబ్బు సీనియర్ చేతి మీదుగా రాకూడదు. నేను చెప్పదలచుకున్నది ఇదే, మిగతాదంతా దీని చుట్టూ తిరుగుతోంది.

పాత మద్రాసు
సోమవారం, సాయంత్రం 5.50

పిల్లలు డబ్బు దగ్గరే ఆగిపోతున్నారు. ఈ హైకోర్టులో తెలుగువాడి చరిత్ర ఏమిటో తెలుసా? నెల్లూరు సీమ నుంచి పేద పురోహితుడి కొడుకుగా వచ్చిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ 1929 నుంచి 1944 వరకు అడ్వకేట్ జనరల్‌గా ఉన్నారు, ఆ తరువాత రాజ్యాంగ ముసాయిదా సంఘంలో కూర్చున్నారు. టంగుటూరి ప్రకాశం గారు ఇక్కడ బారిస్టరుగా గడించింది గడించినట్టే దేశం మీద పోశారు. తెలుగు నాటకాలు రాసిన పి.వి. రాజమన్నార్ 1948 నుంచి 1961 దాకా ప్రధాన న్యాయమూర్తి. వాళ్లు స్టైపెండ్ అడిగారా?

జార్జ్‌టౌన్ గుమాస్తా
సోమవారం, సాయంత్రం 6.30

పెద్దాయనా, వాళ్ల పటాలకు రోజూ దండం పెట్టుకునేవాళ్లమే. అయితే వాళ్ల కాలంలో మైలాపూరులో గది అద్దె ఎంత, ఇప్పుడు ఎంత?

పాత కట్ట
సోమవారం, రాత్రి 8.15

పాత మద్రాసు గారు చరిత్రలో ఒక సంగతి వదిలేశారు. 1954లో ఆంధ్ర హైకోర్టు గుంటూరులో పెట్టాక తెలుగు జిల్లాల కేసులన్నీ అటు వెళ్లిపోయాయి. అంతకుముందు గంజాం నుంచి చిత్తూరు దాకా తెలుగు కక్షిదారు మద్రాసు రైలెక్కేవాడు, తెలుగు వకీలును వెతుక్కునేవాడు. ఆ ప్రవాహం ఆగాక ఇక్కడ మిగిలిన తెలుగు వకీలు తమిళ కక్షిదారు మీదే బతకాలి. ఆ తరం వైభవాన్ని ఈ పిల్లల ముందు పెట్టి లాభం లేదు.

ఎగ్మూరు అమ్మా, నువ్వన్న నిధి ఆలోచనకు నేను అడ్డం కాను. నెలకు పది వేలు నిధి నుంచి వస్తే ఇంకో పది వేలు నేను సంతోషంగా వేస్తాను, లేఖ మీద సంతకం కూడా చేస్తాను. అయితే ఒక మాట. నిధి అంటే ఎవరు నిజంగా కోర్టుకు వస్తున్నారు, ఎవరు పేరు రాయించుకుని స్థలాల వ్యాపారం చేస్తున్నారు అని వడకట్టాలి. వడకట్టేది ఎవరు? ఎన్నికల్లో ఓటు కావలసిన బార్ నాయకులు. నాకు అక్కడే అనుమానం.

ఎగ్మూరు జూనియర్
సోమవారం, రాత్రి 8.50

వడకట్టడానికి కొత్త యంత్రాంగం అక్కరలేదు సార్, దారి ఇప్పటికే పడింది. 2025 మే 20న సుప్రీంకోర్టు సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు మళ్ళీ తప్పనిసరి చేసింది. నిజంగా ప్రాక్టీసు చేశారని సర్టిఫికెట్ తెమ్మంది. స్టైపెండ్‌కూ అదే సర్టిఫికెట్ అడగండి, సరిపోతుంది.

నిజానికి ఆ తీర్పు వచ్చాకే ఈ గొడవ ముదిరింది. అంతకుముందు చదువు అవగానే నేరుగా జడ్జి పరీక్ష రాసే దారి ఉండేది. ఇప్పుడు డబ్బు లేని ఇంటి పిల్లలు కూడా మూడేళ్లు ఎవరో ఒకరి ఛాంబర్‌లో ఉండి తీరాలి. మూడేళ్లు ఉండమని తీర్పు చెబుతుంది, ఆ మూడేళ్లు ఏం తినాలో సర్క్యులర్ సిఫారసు చేస్తుంది. ఆడపిల్లలకైతే ఇంట్లో ఇచ్చే గడువే మూడేళ్లు.

సూళ్లూరుపేట లోకల్
సోమవారం, రాత్రి 9.30

నాకు భయం అక్కడే మేడమ్. సర్టిఫికెట్ మా సీనియర్ చేతిలో ఉంటే, మూడేళ్ల దాకా నోరెత్తేది ఎలా? ఇంకోటి, నేను రాయాలనుకుంటున్నది ఆంధ్రా పరీక్ష. చెన్నైలో చేసిన ప్రాక్టీసు లెక్కకు వస్తుందా?

కంపెనీ కాగితాలు
సోమవారం, రాత్రి 10.10

సర్టిఫికెట్ మీ సీనియరే ఇవ్వాలని లేదు. పదేళ్ల అనుభవం ఉన్న ఏ న్యాయవాది అయినా ఇవ్వవచ్చు, దాన్ని ఆ కోర్టు ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరించాలి. హైకోర్టులో అయితే హైకోర్టు నియమించిన అధికారి. కాబట్టి మీరు రోజూ కనబడే కోర్టులో నాలుగు ముఖాలకు తెలిసి ఉండండి. వకాలత్‌లో మీ పేరు ఉండేలా చూసుకోండి. చాలామంది జూనియర్లు ఏళ్ల తరబడి పనిచేసినా ఒక్క కాగితం మీద కూడా పేరు ఉండదు. డబ్బు అడగలేకపోయినా పేరు అడగండి, దానికి సీనియర్ ఖర్చు సున్నా.

మూడేళ్లు బార్ పరీక్షకు ముందు చేసే తాత్కాలిక నమోదు తేదీ నుంచే లెక్క. ఫలానా రాష్ట్రంలోనే చేసి ఉండాలని తీర్పులో లేదు. మీరు రాసే పరీక్ష నోటిఫికేషన్ ఒకసారి సరిచూసుకోండి.

బెంగళూరు వాయిదా
మంగళవారం, ఉదయం 8.20

పక్క రాష్ట్రం నుంచి ఒక మాట. మా దగ్గర కొందరు సీనియర్లు కొత్త పాట అందుకున్నారు. "తీర్పులు వెతకడానికి, ముసాయిదా రాయడానికి కృత్రిమ మేధ ఉంది, జూనియర్ ఎందుకు" అని. దానికి జవాబు మా ఊళ్లోనే ఉంది. 2024 డిసెంబరులో బెంగళూరు ఆదాయపు పన్ను అప్పీలు ట్రైబ్యునల్ ఇచ్చిన ఒక ఉత్తర్వులో ఉదహరించిన తీర్పులు అసలు లేనే లేవని తేలి, ఆ ఉత్తర్వునే వెనక్కు తీసుకోవలసి వచ్చింది. తరువాత కర్ణాటక హైకోర్టు కూడా, లేని సుప్రీంకోర్టు తీర్పులను ఉదహరించిన ఒక సివిల్ జడ్జి ఉత్తర్వును పట్టుకుంది. కేరళ హైకోర్టు 2025లో జిల్లా కోర్టులకు ఏకంగా విధానపత్రమే ఇచ్చింది, నిర్ణయాలకు కృత్రిమ మేధను వాడరాదని.

యంత్రం రెండు నిమిషాల్లో పది తీర్పులు ఇస్తుంది. ఆ పదీ ఉన్నాయా, ఉంటే అందులో ఆ మాట ఉందా, తరువాత పెద్ద బెంచి దాన్ని కొట్టేసిందా అని చూసేది ఎవరు? కాగితం మీద ఉండేది సీనియర్ సంతకం. ఒక్క దొంగ ఉదాహరణ న్యాయమూర్తి కంటపడితే ముప్పై ఏళ్ల పేరు పోతుంది. దాన్ని ఆపే మనిషికి నెలకు 20 వేలు ఎక్కువా?

పాత కట్ట
మంగళవారం, ఉదయం 9.05

ఇది మాత్రం కాదనలేను. పోయిన నెల మా ఎదుటి పక్షం దాఖలు చేసిన జాబితాలో మూడో తీర్పు ఎంత వెతికినా దొరకలేదు. వెతికింది నా జూనియరే. ఆ నెల అతనికి ఎక్కువే ఇచ్చాను, గొప్ప కోసం చెప్పడం లేదు.

తిరుత్తణి వైపు
మంగళవారం, సాయంత్రం 7.00

సూళ్లూరుపేట తమ్ముడూ, తమిళం ఎంతవరకు వచ్చు? అదే నీకు అసలు కష్టం కావచ్చు. హైకోర్టులో వాదన ఇంగ్లీషులో. రాజ్యాంగం 348వ అధికరణం అలా ఉంది, తమిళాన్ని హైకోర్టు భాషగా చేయాలని శాసనసభ 2006లో తీర్మానించినా అది జరగలేదు. కానీ కింది కోర్టులో సాక్షి తమిళంలో చెబుతాడు, తమిళంలోనే రాసుకుంటారు. అప్పీలు కట్టలో సగం తమిళం. అది చదవలేని జూనియర్ సీనియర్‌కు సగం జూనియరే, డబ్బు కూడా ఆ లెక్కనే వస్తుంది. బస్సు బోర్డులు చదవడం చాలదు, చేతిరాత వాంగ్మూలం చదవాలి.

అయితే నీకు ఉన్నది తమిళ వకీళ్లకు లేదు. తిరుత్తణి, పళ్ళిపట్టు వైపు 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లా. సరిహద్దు మార్పుల్లో ఇటు వచ్చింది. అక్కడి పాత క్రయ దస్తావేజులు, తనఖా పత్రాలు, పంపకాల జాబితాలు తెలుగులో ఉన్నాయి. ఆ భూముల ధరలు పెరిగేకొద్దీ తగాదాలూ పెరిగాయి, తాతల నాటి కాగితాలు బయటికి వస్తున్నాయి. తమిళ వకీలు చేతికి ఆ కట్ట వస్తే తలపట్టుకుంటాడు. నేను మొదటి రెండేళ్లు బతికింది అలాంటి కాగితాలు చదివి ఇంగ్లీషులోకి రాసి ఇచ్చే. స్టైపెండ్ కంటే అదే ఎక్కువ వచ్చేది.

సూళ్లూరుపేట లోకల్
మంగళవారం, రాత్రి 9.15

అన్నా, ఇది ఎవరూ చెప్పలేదు. తమిళం మాట్లాడగలను, అచ్చు చదవగలను, చేతిరాత కష్టం. మా సీనియర్ దగ్గరే పళ్ళిపట్టు వైపు కేసు ఒకటి ఉంది, తెలుగు కాగితాలు గుమాస్తా బీరువాలో పెట్టారు. నేను చదవవచ్చా అని అడగాలని తోచలేదు.

జార్జ్‌టౌన్ గుమాస్తా
మంగళవారం, రాత్రి 9.40

బాబూ, గొలుసుకట్టు రాత చదవగలవా? ఈ కాలం పిల్లలు తెలుగు వచ్చంటారు, 1930ల కరణం రాత ముందు పెడితే అరవం అనుకుంటారు.

తిరుత్తణి వైపు
మంగళవారం, రాత్రి 10.00

గుమాస్తాగారు సరైన చోట పట్టుకున్నారు. కలం ఎత్తకుండా రాసిన రాత, విడి అక్షరాలు ఉండవు. మొదట హద్దుల భాగం చదువు. తూర్పు ఎవరి భూమి, పడమర ఏ కాలువ అని ఒకే వరుసలో వస్తుంది కాబట్టి ఊహ అందుతుంది. అక్కడ అక్షరం పట్టుబడితే మిగతాది నెమ్మదిగా వస్తుంది. సర్వే నంబరు మాత్రం ఊహించకు, ఆ అంకె మీదే దావా నిలబడుతుంది. అనువాదం సరైనదని నువ్వు సంతకం చేస్తావు. ఎదుటి పక్షం ఒప్పుకోకపోతే కోర్టు తన అనువాదకులకు పంపవచ్చు, అప్పుడు నీ తప్పు బయటపడుతుంది.

నెల్లూరు నాన్న
బుధవారం, ఉదయం 6.50

అందరికీ కృతజ్ఞతలు. మావాడికి ఇదంతా చదివి వినిపించాను, వాడి పట్టుదల తగ్గలేదు. ఇంకొక్క ప్రశ్న. కోర్టులోనే జీతం వచ్చే పని ఏదీ లేదా?

ఎగ్మూరు జూనియర్
బుధవారం, ఉదయం 8.30

ఉంది బాబాయిగారూ, క్రిమినల్ వైపు. వకీలును పెట్టుకునే స్తోమత లేని ముద్దాయిల తరఫున వాదించడానికి జిల్లా న్యాయ సేవల సంస్థల్లో డిఫెన్స్ కౌన్సెల్ పద్ధతి 2022 నుంచి నడుస్తోంది. ముఖ్య, ఉప, సహాయ అని మూడు స్థాయిలు. సహాయ స్థాయికి మూడేళ్ల లోపు అనుభవం ఉన్నా చాలు. నెలనెలా గౌరవ వేతనం ఉంటుంది. ఒప్పందం మీద తీసుకుంటారు, అందులో ఉన్నంతకాలం సొంత కేసులు పట్టుకోకూడదు. రిమాండు, బెయిలు, విచారణ అన్నీ చేతికి వస్తాయి. సీనియర్ దగ్గర ఐదేళ్లకు వచ్చే క్రాస్ ఎగ్జామినేషన్ అవకాశం అక్కడ ముందే దొరుకుతుంది. తమిళం చదవడం, రాయడం లేకుండా చెన్నైలో ఇది కుదరదు, నెల్లూరులో అయితే ఆ ఇబ్బంది లేదు.

ఇంకొకటి. 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు రాష్ట్ర బార్ కౌన్సిళ్లలో మహిళలకు 30 శాతం స్థానాలు ఉండాలంది. ఈసారి ఓటు అడగడానికి వచ్చే ప్రతివారినీ, ఆడా మగా తేడా లేకుండా, స్టైపెండ్ నిధి గురించి రాతపూర్వకంగా అడగబోతున్నాను. కలిసి వచ్చేవాళ్లు ఉంటే విడిగా సందేశం పంపండి, పేర్లు ఇక్కడ రాయవద్దు.

నిర్వాహకులు
బుధవారం, ఉదయం 10.00

డిఫెన్స్ కౌన్సెల్ ప్రశ్నలు చాలా వస్తున్నాయి, వాటికి వేరే చర్చ తెరిచాం. ఇక్కడ సీనియర్ల పేర్లు, ఛాంబర్ల పేర్లు రాసిన రెండు వ్యాఖ్యలు తీసివేశాం.

పాత కట్ట
బుధవారం, సాయంత్రం 6.20

ఎగ్మూరు అమ్మా, నీ కాగితం సిద్ధమయ్యాక నాకూ పంపు. సీనియర్ల సంతకాలు కొన్ని ఉంటేనే వాళ్లు చదువుతారు. మా వీధిలో చిన్న ఆఫీసుల వాళ్లం ఐదారుగురం పెడతాం. పెద్ద ఆఫీసుల సంగతి నువ్వే చూసుకో.

సూళ్లూరుపేట లోకల్
బుధవారం, రాత్రి 9.50

ఈరోజు పళ్ళిపట్టు కాగితాలు నేను చదువుతానని సీనియర్‌తో అన్నాను. ఆయన బీరువా తాళం గుమాస్తాను అడిగి తీయించారు. మొత్తం పదిహేడు పత్రాలు, రెండింటికి చెద పట్టింది. వకాలత్‌లో పేరు గురించి కూడా అడిగాను, "రేపటి కొత్త దావా నుంచి రాయి" అన్నారు. డబ్బు మాట ఇంకా ఎత్తలేదు. తిరుత్తణి అన్నా, సొంత సీనియర్ కేసులో అనువాదానికి విడిగా ఫీజు అడగవచ్చా?

తిరుత్తణి వైపు
బుధవారం, రాత్రి 10.30

అది నువ్వు ఆయన్ను అడగకు, కక్షిదారు ఖర్చుల జాబితాలో అనువాదం అని ఒక వరుస వేసి పెట్టు. టైపింగుకు, కోర్టు ఫీజుకు వేసినట్టే. సీనియర్ కొట్టేస్తే పక్కన ఎందుకో రాస్తారన్నావు కదా, అది చదివి మళ్ళీ ఇక్కడికి రా.